నున్నగా ఉండకూడని తుపాకి

చెప్పిన పని చెప్పినట్టు చేసినందుకు ఒక మనిషిని పని రానివాడని తీర్మానించారు. తీర్మానం రాతపూర్వకంగా ఉంది. కింద మూడు సంతకాలు, ఒక గుండ్రటి ముద్ర ఉన్నాయి. ముద్ర కొంచెం పక్కకు జరిగి పడింది. దానిని నేను తప్పుపట్టను. ముద్రకు పైన ఉన్న నాలుగు మాటలను తప్పుపడుతున్నాను. "పనితనం మోటు. నునుపు లేదు."

ఆ మనిషి పేరు ఆడెపు ఓదెలు. స్వస్థలం సిరిసిల్ల. పాఠశాల ధ్రువపత్రం ప్రకారం పుట్టినది 1960 జూలై 30న. అమీర్‌పేటలో మా ఇంటి వెనుక ఉన్న రేకుల షెడ్డులో భార్య చంద్రమ్మతో పదకొండేళ్లుగా కాపురం ఉంటున్నాడు. ఆమె చీరలకు ఫాల్సు కుడుతుంది. ఆయన సినిమాలకు పేలని తుపాకులు చేస్తాడు.

పేలని తుపాకి అంటే చెక్కతో, రేకుతో చేసిన నకలు. గొట్టానికి ముందువైపు రెండంగుళాల లోతు వరకే రంధ్రం ఉంటుంది. ఆ తరువాత అంతా చెక్కే. దానితో పావురాన్ని కూడా భయపెట్టలేము. నేను మా డాబా మీద ప్రయత్నించి చూశాను. అవి వచ్చి దాని గొట్టం మీదే వాలాయి.

ఓదెలు తుపాకులు చేయడానికి పుట్టలేదు. ఆయన తండ్రి, తాత మగ్గాలకు నాడెలు చేసేవారు. మగ్గం మీద పడుగు మధ్య నుంచి పేక దారాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు మోసుకుపోయే చిన్న చెక్క పడవే నాడె. దాని ఒంటి మీద ఆవగింజంత చీలిక ఉన్నా దారం తెగుతుంది. దారం తెగితే నేతగాడు నాడె చేసినవాడి తల్లిదండ్రులను తలుచుకుంటాడు. తన తల్లిదండ్రులను ఎవరూ తలుచుకోకుండా చూడటమే ఓదెలు ఏడో ఏట నుంచి నేర్చుకున్న విద్య. చెక్క ఆయన చేతికి వస్తే నున్నబడుతుంది. మా ఇంటి మెట్ల పక్క చెక్క కటకటాలు, చంద్రమ్మ అప్పడాల కర్ర, నా చేతికర్ర, ఆయన ఒకసారి అన్యమనస్కంగా పట్టుకుని మాట్లాడిన మా పొరుగింటివారి గేటు, అన్నీ నున్నబడ్డాయి.

చేతిమగ్గాలు తగ్గి మరమగ్గాలు పెరిగాక ఆయన చేసే నాడెలు అడిగేవారు లేకపోయారు. 1994లో నగరానికి వచ్చి, కృష్ణానగర్‌లో చక్రపాణి గారి దుకాణంలో చేరాడు. చక్రపాణి గారు గోదావరి ప్రాంతం నుంచి వచ్చినవారు. మొదట నాటకాలకు కిరీటాలు చేసేవారు. తరువాత సినిమాలకు కత్తులూ గదలూ తుపాకులూ చేయించసాగారు. వస్తు నిర్మాతల సంఘానికి పదేళ్లుగా అధ్యక్షులు కూడా.

ఇక్కడ పాఠకులు ఒక విషయం జ్ఞాపకం ఉంచుకోవాలి. చెక్క నున్నదనాన్ని పట్టుదారంతో పరీక్షించడం నాడెలు చేసేవారి ఆచారం. పోగును చెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగుతారు. ఎక్కడా తగులుకోకపోతే పని అయినట్టు. ఓదెలు చక్రపాణి గారి దుకాణంలో మొదటి రోజున తన తుపాకిని ఇలాగే పరీక్షించుకున్నాడు. చక్రపాణి గారికి అది ఎంతగానో నచ్చింది. మరుసటి ఏడు సంఘం నియమావళిలో పన్నెండో నియమంగా చేర్చారు. నియమం కింద ఓదెలు పేరు లేదు. ఆయనకు ఆ సంగతి చెప్పినవారూ లేరు.

సంఘంలో రెండు రకాల కార్డులుంటాయి. మొదటి తరగతి కార్డు ఉన్నవాడు తన పేరుతో పని తీసుకోవచ్చు. తాను చేసిన వస్తువు మీద తన పేరు వేసుకోవచ్చు. సహాయకుడి కార్డు ఉన్నవాడు చేసినదంతా యజమాని పేరు మీద పోతుంది. పదకొండేళ్లలో ఓదెలు చేసిన మూడు వందల చిల్లర తుపాకుల పిడుల మీద చక్రపాణి గారి పేరే ఉంది. మొదటి తరగతి కార్డుకు పరీక్ష నెగ్గాలి. పద్నాలుగో నియమం ప్రకారం నలభై ఐదేళ్లు నిండేలోగా కార్డు చేతికి రావాలి. నిండితే ఆ మనిషి జీవితాంతం సహాయకుడే. కనుక ఓదెలుకు ఇది మొదటి పరీక్షా, చివరి పరీక్షా.

2005 ఏప్రిల్ 18న సంఘం నుంచి పరీక్షాంశం వచ్చింది. యథాతథంగా ఇస్తున్నాను: "ఇందువెంట పంపిన శాంతికాలపు నమూనా తుపాకి నకలును అభ్యర్థి స్వహస్తాలతో యుద్ధకాలపు నమూనాగా మార్చి, మే 11వ తేదీ ఉదయం పదకొండు గంటలకు సమర్పించవలెను." రెండో ప్రపంచ యుద్ధంలో మన సిపాయిల గురించి ఎవరో సినిమా తలపెట్టారని, అందుకే ఆ అంశం ఇచ్చారని తరువాత తెలిసింది.

ఓదెలు ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సార్, గీ యుద్ధకాలపు నమూనా అంటే ఏంది? లడాయిల ఉన్న తుపాకికి కొమ్ములు మొలుస్తయా?"

నేను లక్డీకాపూల్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో దస్తావేజుల విభాగంలో ముప్పై మూడేళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాగితం లేని ప్రశ్న ఈ లోకంలో లేదని నా విశ్వాసం. మా తండ్రిగారు 1942 నుంచి యుద్ధం ముగిసేదాకా ఒక ఆయుధ గిడ్డంగిలో వచ్చిన సరుకును సరిచూసే గుమాస్తా. ఆయన నోటు పుస్తకం నా దగ్గర, మంచం కింద నాలుగో పెట్టెలో, వేపాకుల మధ్య భద్రంగా ఉంది. ముప్పై ఒకటో పుటలో తమకు అందే కొత్త తుపాకులు పాతవాటికంటే ఎలా వేరుగా ఉన్నాయో రాసుకున్నారు. పిడి మీది ఇత్తడి బిళ్ళ తీసేశారు. పక్కన దూరం చూసుకునే పలక తీసేశారు. కట్టెకు నూనె తప్ప మెరుగు లేదు. ఇనుము మీద ఆకురాయి గీతలు అలాగే వదిలేసి పైన నల్లరంగు పూశారు. చివర పెన్సిలుతో: "చెయ్యి తగిలేచోట నునుపు వెతకవద్దు, పని జరిగేచోట వెతకండి, అని దొరగారి ఆజ్ఞ."

చదివి వినిపించాను. ఓదెలు ముఖం వాడిపోయింది.

"అంటె ఖరాబుగ జెయ్యాలె."

"ఖరాబుగా కాదు ఓదెలూ, తొందరగా. యుద్ధంలో నున్నగా చేస్తూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది?"

"నాకు తొందరగ జేసినా నున్నగనే వస్తది సార్. గదే కష్టం."

అది ఎంత కష్టమో తరువాతి పదిహేను రోజులు నేను కళ్లారా చూశాను. ఇత్తడి బిళ్ళ, పక్క పలక తీసేయడం ఒక్క పూట పని. మెరుగు గీకేయడం ఇంకొక పూట. ఆ తరువాత ఆకురాయితో గరుకు గీతలు పెట్టాలి. పెట్టాడు. ఒక్కొక్క గీత మధ్య నూలుపోగంత ఎడం; అన్నీ ఒకే పొడవు; అన్నీ సమాంతరం. ఎండలో పెట్టి చూస్తే కట్టె మీద జరీ అంచు నేసినట్టుంది.

చంద్రమ్మ కుట్టుమిషన్ మీద నుంచి లేచి వచ్చి చూసింది. "మస్తుగున్నది. గీ అంచుకు మ్యాచింగ్ జాకిటి సుత కుట్టమంటవా?"

గీతలు చెరిపి మళ్లీ పెట్టాడు. ఈసారి పువ్వుల వరస వచ్చింది. మూడోసారి వంకర గీతలు సరిగానే వచ్చాయి గాని, వాటి గురించి నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ బొటనవేలితో రుద్ది రుద్ది నున్నగా చేసేశాడు. చంద్రమ్మ ఇంట్లో ఉన్న పాలిష్ కాగితమంతా తీసుకుపోయి బియ్యం డబ్బాలో దాచింది. ఆయన కొబ్బరిపీచుతో రుద్దాడు. పీచు దాచింది. అరచేతితో రుద్దాడు.

"చేతులు సుత డబ్బాల పెట్టమంటవా?" అని అడిగింది ఆమె.

చివరకు ఓదెలు నా వైపు తిరిగి, ఎన్నో రోజులుగా అడగాలని ఆగినవాడిలా అడిగాడు. "సార్, ఏమనుకోకుండ్రి. మీరు ఎన్నడన్న ఆకురాయి వట్టిన్రా?"

"లేదు."

"ఉలి?"

"లేదు. పెన్సిలు చెక్కడం కూడా కార్యాలయంలో బంట్రోతే చేసేవాడు."

"దేవుడున్నడు. జర గిటు రాండ్రి."

పరీక్ష వస్తువును అభ్యర్థి స్వహస్తాలతోనే మార్చాలని నిబంధన ఉన్నది కనుక దానిని ముట్టనని చెప్పాను. ఆయన ఒక పనికిరాని చెక్కముక్క ఇచ్చాడు. నేను నాలుగు నిమిషాలు ఆకురాయి పెట్టాను. సంగీత కచేరీలో మొదటి వరసలో కూర్చున్నవాడిలా ఆయన తల పంకిస్తూ చూశాడు.

"ఆహా. చంద్రమ్మా, గీ వంకర సూడు. గీడ లోతుగ వోయింది, గీడ జారింది, గీడ అసలే తగుల్లె. జన్మల నాకు రాదు గిట్ల."

మా వీధిలో జావా, డాట్‌నెట్ బోర్డులు లేని గోడ లేదు. షెడ్డు ముందు ముగ్గురం ఒక చెక్కముక్క మీద వంగి ఉండటం చూసి, పక్కనున్న హాస్టలులోని ఇద్దరు అమ్మాయిలు ఆగారు.

"అంకుల్, ఇక్కడ ఏ కోర్సు చెప్తారండీ?"

"ఖరాబు జేసుడు కోర్సు," అంది చంద్రమ్మ. "నలభై అయిదు దినాలు."

"ప్లేస్‌మెంట్ ఉంటుందా ఆంటీ?"

"ఉంటే గీయన గిట్ల గూసుంటడా?"

వాళ్లు ఒకరినొకరు చూసుకుని, ఎందుకైనా మంచిదని షెడ్డు తలుపు మీద నంబరు ఉందేమో వెతికి వెళ్లిపోయారు.

నా చెక్కముక్కను ముందు పెట్టుకుని ఓదెలు రెండు రోజులు సాధన చేశాడు. మూడో రోజు ఉదయం కిటుకు దొరికింది. రైలుకు వేళ దాటిపోతోందని, సంచి ఇంకా సర్దలేదని, ఆటో దొరకలేదని తలుచుకుంటూ ఆకురాయి పెడితే గీత దానంతటదే మోటుగా పడుతుందట. "సికింద్రాబాద్ స్టేషన్ల పరుగుపెడుతున్న అనుకున్న సార్. చెయ్యి తనంతట తానే ఉరికింది." మే 9 నాటికి కట్టె అంతా నిజంగా తొందరలో చేసినట్టు తయారైంది. నేను మా తండ్రిగారి పుస్తకం పక్కన పెట్టుకుని అంశం తరువాత అంశం సరిచూసి, ఒక్కొక్క దానికి ఎదురుగా గుర్తు పెట్టాను.

అయితే జీవితమంతా అలవాటైన నునుపు ఎక్కడికి పోతుంది? అది లోపలికి పోయింది. తుపాకికి వెనుక చేత్తో లాగే బోల్టు ఉంటుంది. నకలులో అది అలంకారమే. సాధారణంగా మేకుతో కొట్టి కదలకుండా ఉంచుతారు. ఓదెలు మేకు పీకేసి, బోల్టునూ అది జారే గాడినీ నాడెలా చేశాడు. వేలితో తాకితే చప్పుడు లేకుండా వెనక్కి వస్తుంది. వదిలితే అలాగే ముందుకు పోతుంది. పైన యుద్ధం, లోపల మగ్గం. "పని జరిగేచోట వెతకండి" అన్న ఆజ్ఞను ఇంతకంటే శ్రద్ధగా పాటించినవారు ఆ గిడ్డంగిలో కూడా ఉండి ఉండరు.

మే 11న మేమిద్దరం దానిని పాత దుప్పటిలో చుట్టి అమీర్‌పేట నుంచి పంజాగుట్ట నడిచివెళ్లాం. వస్తువు పేలదనీ, పరీక్ష నిమిత్తం తీసుకువెళ్తున్నామనీ ముందురోజే పోలీస్ స్టేషన్‌కు అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. చౌరస్తాలో ఒక కానిస్టేబుల్ దుప్పటి వైపు చూసి, "ఏందది?" అన్నాడు. పద్నాలుగు పుటల ఫైలు చేతికిచ్చాను. రెండో పుట మధ్యలో ఆయన ఫైలు మూసి, మా కోసం ట్రాఫిక్ ఆపాడు.

సంఘం కార్యాలయం ఒక బేకరీ పైన రెండో అంతస్తులో ఉంది. బల్లకు అటువైపు చక్రపాణి గారూ, ఇద్దరు సభ్యులూ కూర్చున్నారు. గుమాస్తా హనుమాండ్లు పక్కన నిలబడ్డాడు. ఓదెలును కూర్చోమనలేదు.

దుప్పటి విప్పగానే చక్రపాణి గారి కనుబొమలు పైకి పోయాయి. పట్టుదారం తీశారు. పిడి దగ్గర మొదలుపెట్టి లాగారు. దారం తగులుకుని తెగింది.

"ఒకటి," అన్నాడు హనుమాండ్లు.

మళ్లీ లాగారు.

"రెండు. మూడు. సార్, గిది మూడా, నాలుగా? దారం రెండు తావులల్ల తట్టింది."

"నాలుగు వెయ్."

ఇరవై మూడు దాకా వచ్చాక హనుమాండ్లు గొంతు సవరించుకుని, "సార్, దారం ఒడిసింది," అన్నాడు.

చక్రపాణి గారు కళ్లజోడు తీశారు. "ఏంటయ్యా ఓదెలూ ఇది? పదకొండేళ్లు మా షాపులో చేసి ఇదేనా నేర్చుకుంది?"

"లడాయి తుపాకి గిట్లనే ఉంటది సార్. జల్ది జల్ది జేసేది."

"యుద్ధానికెళ్లే తుపాకి ఇంకా బాగుండాలి కదయ్యా. పెళ్లికెళ్లేటప్పుడు మంచి బట్టలు వేసుకుంటామా, లేదా?"

"పెండ్లికి ఏసుకుంటం సార్. ఇల్లు అంటుకున్నప్పుడు ఏసుకోం గదా."

ఒక సభ్యుడికి నవ్వొచ్చింది. అధ్యక్షులు ఆయన వైపు చూశారు. నవ్వు ఆపి మార్కుల పట్టిక మీద సంతకం పెట్టాడు.

నేను మా తండ్రిగారి నోటు పుస్తకం ముప్పై ఒకటో పుట తెరిచి బల్ల మీద పెట్టాను.

"సత్యనారాయణ గారూ," అన్నారు చక్రపాణి గారు ఎంతో మర్యాదగా, "మీ నాన్నగారు మన సంఘంలో సభ్యులా అండీ?"

"కారు."

"మరింకేంటండీ."

"కనీసం ఆ బోల్టు ఒకసారి వెనక్కి లాగి చూడండి."

"లాగే భాగాలకు మార్కుల పట్టికలో గడి లేదండీ. గడి లేనిదానికి మార్కులెక్కడ వెయ్యను?"

అది నిజమే. పట్టిక జిరాక్సు నా దగ్గర ఉంది. మొత్తం ఐదు గడులు. నాలుగు నునుపువి, ఒకటి రంగుది. చెప్పిన నమూనాతో పోలిక ఎంత ఉందో చూసే గడి లేదు. యుద్ధకాలపు తుపాకి చేయమని అడిగినవారు, తెచ్చినది యుద్ధకాలపుదా కాదా అని చూసే ఏర్పాటు చేసుకోలేదు.

మే 16న తీర్మానం వచ్చింది. మే 18న నేను నలభై ఒక్క పుటల అప్పీలు పంపాను. జూన్ 9న జవాబు వచ్చింది: "అభ్యర్థి వయోపరిమితిని దృష్టిలో ఉంచుకుని, సానుభూతితో, సదరు వస్తువును నున్నగా చేసి జూలై 30వ తేదీలోపు తిరిగి సమర్పించినచో ఉత్తీర్ణుడిగా ప్రకటించుటకు సంఘమునకు అభ్యంతరము లేదు."

ఇది దుర్మార్గం అనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే వారు నిజంగానే దయ చూపుతున్నామనుకున్నారు.

ఆ సాయంత్రం చంద్రమ్మ బియ్యం డబ్బాలోంచి పాలిష్ కాగితం తీసి, దులిపి, ఓదెలు ముందు పెట్టింది. "గంట పని. జేసి ఇచ్చి రా. కార్డు వస్తది."

ఓదెలు తుపాకిని ఒడిలో పెట్టుకున్నాడు. కాగితం మడత పెట్టి వేళ్ల మధ్య పట్టుకున్నాడు. పదకొండేళ్లలో ఆ చెయ్యి అలా చెక్క దగ్గరికి వెళ్లి ఆగడం నేను చూడలేదు. అప్పుడు ఆగింది.

"సార్, మీరేమంటరు?"

"నున్నగా చేస్తే కార్డు వస్తుంది. చేయకపోతే రాకపోవచ్చు. అది నువ్వు తేల్చుకోవలసింది ఓదెలూ."

ఆయన తుపాకిని తిప్పి పిడి వైపు చూశాడు.

"మూడు వందల తుపాకులు నున్నగ జేసిన సార్. గవన్ని ఆయన పేరు మీదనే వోయినయి. గిదొక్కటి మోటుగ జేసిన. గీ ఒక్కటే నాది. నున్నగ జేస్తే గిది సుత ఆయనదే అయితది." కాగితం కింద పెట్టాడు. "లడాయి తుపాకిని పెండ్లికొడుకును జెయ్య. కార్డు రాకుంటె రాకపాయె."

చంద్రమ్మ పాలిష్ కాగితం తీసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది. "అయితె నా మిషన్ బల్లన్న నున్నగ జెయ్యి. చీరలు తట్టుకుంటున్నయి."

దీపాలు పెట్టేవేళ దాకా ఆయన ఆ బల్ల రుద్దాడు. ఇప్పుడు దాని మీద పెట్టిన చీర తనంతట తానే జారి కింద పడుతుంది.

కథ ఇంతటితో ముగిసి ఉంటే నేను కలం పట్టేవాణ్ణి కాను. నియమం మూర్ఖంగా ఉంది, మనిషి నిజాయితీగా ఉన్నాడు, ఇటువంటివి లోకంలో కొత్త కాదు అని ఫైలు కట్టేసేవాణ్ణి. కాని జూలై మొదటి వారంలో ఆ యుద్ధం సినిమావారికి పన్నెండు తుపాకులు కావలసివచ్చాయి. చక్రపాణి గారి దుకాణం నుంచి పన్నెండు వెళ్లాయి. అద్దాల్లా మెరుస్తున్నాయి. కళా దర్శకుడి మనిషి వాటిని చూసి, "ఇవి యుద్ధానికా, షోరూమ్‌కా?" అని అన్నింటినీ వెనక్కి పంపాడు.

జూలై 4న హనుమాండ్లు మా గేటు దగ్గరికి వచ్చాడు. సంఘంలో ఫెయిలయిన ఆ తుపాకిని నమూనాగా తీసుకురమ్మని చక్రపాణి గారు పంపారట.

"రసీదు రాయండి," అన్నాను.

"గింతదానికి రసీదెందుకు సార్?"

"రాయండి."

రాశాడు. "ఒక తుపాకి (మోటుది)." నా దగ్గర ఉంది.

సినిమావారు ఆ తుపాకిని చూసి, ఇలాంటివే పన్నెండు కావాలన్నారు. చక్రపాణి గారి దుకాణంలో ఎనిమిది మంది పనివారున్నారు. ఎనిమిది మందికీ మోటుదనం చేతకాలేదు. కొందరు గీతలు గీశారు, అవి గీసినట్టున్నాయి. ఒకరు తుపాకిని మెట్ల మీద నుంచి కిందికి దొర్లించారు, అది దొర్లించినట్టుంది. పరీక్షకని సెలవు పెట్టినప్పటి నుంచి ఇంట్లోనే ఉన్న ఓదెలుకు అప్పుడు కబురు వచ్చింది. సహాయకుడి హోదాలో రమ్మని.

ఆయన వెళ్లాడు. నేను వద్దన్నాను. "పని సార్," అన్నాడు. "పనిమీద అలిగి ఏం జేస్త?"

ఆ రోజు ఆ దుకాణంలో జరిగినది నేను గుమ్మంలో నిలబడి స్వయంగా చూశాను. ఎనిమిది మంది వరసగా కూర్చున్నారు. ఓదెలు వారి మధ్య తిరుగుతూ, "రైలు వోతున్నదన్నా. కూత పెట్టింది. సంచి మర్చిపోయినవు. ఉర్కు, ఉర్కు," అంటున్నాడు. ఎనిమిది మందీ చెమటలు కక్కుతూ ఆకురాళ్లు పెడుతున్నారు. కాసేపటికి చక్రపాణి గారు కూడా ఒక తుపాకి తీసుకుని మూలన కూర్చున్నారు.

"ఏ రైలనుకోవాలయ్యా?"

"మీరు ఎక్కాల్సిందే సార్. వోయిందనుకోవాలె."

"నేనెప్పుడూ గంట ముందే వెళ్తానయ్యా స్టేషన్‌కి. రైలు పోవడం నాకు తెలీదు."

"అందుకే మీకు నున్నగ వస్తున్నది సార్."

ఆయన ఆ తుపాకిని పక్కన పెట్టేశారు. పన్నెండింటిలో ఆ ఒక్కదాన్ని తరువాత ఓదెలు సరిచేశాడు.

జూలై 12న సరుకు వెళ్లింది. దానితోపాటు వెళ్లిన పత్రం జిరాక్సును హనుమాండ్లు, ఏ ఉద్దేశంతోనో గాని, నాకు తెచ్చి ఇచ్చాడు. పత్రంలో ఇలా ఉంది: "యుద్ధకాలపు నమూనా తుపాకులు, పన్నెండు. మోటుదనం అత్యంత సహజముగా వచ్చినది." కింద చక్రపాణి గారి సంతకం. పిడుల మీద చక్రపాణి గారి పేరు.

ఆ పత్రాన్ని ఓదెలుకు చదివి వినిపించాను. ఆయన సంతోషించాడు. అదే నన్ను ఎక్కువ బాధించింది. "మోటుగుండుడు మంచిదని ఆయనే సంతకం జేసిండు గద సార్. గంతే సాలు," అన్నాడు.

"ఎట్ల సాలుతది?" అంది చంద్రమ్మ మిషన్ ఆపి. "నీ మోటు ఆయన పేరు మీద వోతె మంచిది, నీ పేరు మీద వోతె ఖరాబు. గింత సదువుకున్న సార్‌కు సమజైంది, నీకు సమజైతలేదు."

నాకు అర్థమైంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి ఇదంతా రాస్తున్నాను. ఒకటి మే 16ది, మరొకటి జూలై 12ది. సంతకం ఒక్కటే. సిరా రంగు కూడా ఒక్కటే. మొదటిదానిలో మోటుదనం దోషం. రెండోదానిలో అదే మోటుదనం గుణం. యాభై ఏడు రోజుల్లో మారినది చెక్క కాదు, ఆకురాయి కాదు, ఓదెలు చెయ్యి కాదు. పిడి మీది పేరు ఒక్కటే మారింది. కార్యాలయంలో ముప్పై మూడేళ్లలో నేను చాలా వింత ఫైళ్లు చూశాను. ఒక వంతెనను రెండుసార్లు ప్రారంభించిన ఫైలు చూశాను. ఇటువంటిది చూడలేదు.

ఈ రోజు జూలై 20. ఓదెలుకు నలభై ఐదేళ్లు జూలై 30, శనివారం నాడు నిండుతాయి.

అధ్యక్షులు చక్రపాణి గారికీ, ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు సభ్యులకూ నా డిమాండు ఇది. మే 16 నాటి తీర్మానం రాసిన పుస్తకం తెరిచి, ఆ నాలుగు మాటలను ఒక్క గీతతో కొట్టివేయండి. గీత పక్కన ముగ్గురూ సంతకాలు చేయండి. జూలై 12 నాటి పత్రం సంఖ్యను అక్కడే కారణంగా చూపండి. మార్కుల పట్టికలో అడిగిన నమూనాతో పోలికకు ఒక గడి చేర్చండి. సినిమావారికి పంపిన పన్నెండు తుపాకుల మీద ఆ మోటుదనం నేర్పినవాడి పేరు వేయండి. సానుభూతి అక్కరలేదు, ఆ మాటను మీ జవాబులో రాయవద్దు. జూలై 29 శుక్రవారం సాయంత్రం ఐదు గంటలలోపు ఆడెపు ఓదెలును మీ కార్యాలయానికి పిలిచి, ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి, మొదటి తరగతి కార్డును ఆయన చేతికి ఇవ్వండి.